డెండ్రిటిక్ అంటే ‘చెట్టులాంటిది’ అని రాస్తే సరిపోతుందా?

నాగావళి_గట్టు (రాయగడ)

అందరికీ నమస్కారం. మా పాప తొమ్మిదో తరగతి, సీబీఎస్‌ఈ. సోషల్‌లో నదుల పాఠం నడుస్తోంది. ‘డెండ్రిటిక్ ప్యాటర్న్’ అన్న మాట దగ్గర ఆగింది. క్లాసులో ‘గఛ పరి’, అంటే చెట్టులాగా, అని చెప్పారట. డిక్షనరీలోనూ అదే ఉంది. కానీ అదే డిక్షనరీలో ‘అర్బోరెసెంట్’ అన్న మాటకూ చెట్టువంటిది అనే రాశారు. రెండూ ఒకటే అయితే రెండు మాటలెందుకు, అసలు ఇవి ఎక్కడి నుంచి వచ్చాయి అని పాప పట్టుబట్టింది. మా ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా, పుస్తకంలో ఇంగ్లీషు. మూడింట్లో ఏ భాషలో చెప్పినా తనకి అర్థమవుతుంది. మార్కుల కోసం కాదు, తనకి సరిగ్గా చెప్పాలని ఉంది. తెలిసినవాళ్ళు కాస్త వివరంగా రాయండి.

గుణుపురం_మాస్టారు (గుణుపురం)

నాగావళి గారూ, పాప అడిగిన ప్రశ్న చాలామంది పెద్దవాళ్ళకి కూడా తట్టదు. వివరంగానే రాస్తాను.

రెండు మాటలూ చెట్టు నుంచే పుట్టాయి, కాకపోతే రెండు వేరే భాషల్లో. గ్రీకులో చెట్టుని డెండ్రాన్ అంటారు. డెండ్రిటిక్, డెండ్రైట్ అక్కడివే. లాటిన్‌లో చెట్టు అంటే అర్బోర్. అర్బోరెసెంట్, అర్బోరియల్ దాని సంతానం. ఐరోపా శాస్త్రజ్ఞులు పేర్లు పెట్టేటప్పుడు ఈ రెండు భాషలనుంచీ తీసుకున్నారు కాబట్టి ఒకే వస్తువుకి రెండేసి పేర్లు రావడం మామూలే.

అయితే అర్బోరెసెంట్‌లో చివర ఉన్న ‘ఎసెంట్’ ముక్కని చూడమనండి. లాటిన్‌లో అది ‘అవుతూ ఉన్న’ అనే అర్థాన్నిస్తుంది. అడాలసెంట్‌లో ఉన్నదీ అదే, ఎదుగుతున్న వయసువాడు అని. కాబట్టి అర్బోరెసెంట్ అంటే చెట్టుగా ఎదిగేది, చెట్టంత అయ్యేది.

ఇప్పుడు తాటిచెట్టుని తలుచుకోండి. ఒకటే మాను, నిట్టనిలువుగా పోతుంది, నెత్తిన మట్టలు. కొమ్మ అన్నది లేదు. వృక్షశాస్త్రంలో దాన్ని అర్బోరెసెంట్ అనొచ్చు, ఎందుకంటే ఎత్తులో, నిలబడే తీరులో అది చెట్టే. కానీ దాని ఆకారాన్ని డెండ్రిటిక్ అని ఎవరూ అనరు. ఆకు రాల్చిన వేపచెట్టుని చూడండి. మాను చీలి కొమ్మలు, కొమ్మలు చీలి రెమ్మలు, రెమ్మలు చీలి ఇంకా సన్నటి పుల్లలు. డెండ్రిటిక్ అన్న మాట చెప్పేది ఆ చీలికల మీద చీలికల్ని. పేరులో చెట్టు ఉన్నా, పట్టించుకునేది కొమ్మల్ని మాత్రమే. ‘చెట్టులాంటిది’ అని ఆపేస్తే పాపకి తాటిచెట్టు గుర్తుకు రావచ్చు, అక్కడే తేడా వస్తుంది.

అర్బోరియల్ మూడోది. చెట్టు మీద బతికేది అని. ఉడత, కొండముచ్చు ఆ జాబితాలోవి. ఆకారంతో దానికి పనిలేదు.

పర్లాకిమిడి_చెల్లి (పర్లాకిమిడి)

మాస్టారూ, తాటిచెట్టు ఉదాహరణతో నాకు ఒక్కసారిగా విడిపోయింది. రోడోడెండ్రాన్, ఫిలోడెండ్రాన్‌లో ఉన్న డెండ్రాన్ కూడా ఇదేనా?

గుణుపురం_మాస్టారు (గుణుపురం)

ఇదేనమ్మా. రోడోడెండ్రాన్ అంటే గులాబీ చెట్టు. ఫిలోడెండ్రాన్ అంటే చెట్టుని ఇష్టపడేది, అది పక్క చెట్టుని పట్టుకుని పాకుతుంది కదా. డెండ్రోబియం అని ఆర్కిడ్ జాతి ఉంది, చెట్ల మీద బతికేది అని దాని అర్థం. మన తూర్పు కనుమల అడవుల్లోనూ కనిపిస్తాయి.

పత్తిగింజ (పర్లాకిమిడి దగ్గర)

లాటిన్ అర్బోర్ మన ఇళ్ళలోకీ వచ్చింది. దేశవాళీ పత్తికి శాస్త్రీయ నామం గాసిపియం అర్బోరియం. మొక్కలకి శాస్త్రీయ నామాలు పెట్టిన లిన్నేయస్ 1753లో పెట్టిన పేరు, చెట్టుపత్తి అని అర్థం. గిడసబారకుండా వదిలేస్తే ఈ పత్తి పెద్ద పొదగా, చిన్న చెట్టుగా ఎదుగుతుంది. పారిజాతం పేరు నిక్టాంథిస్ అర్బోర్ ట్రిస్టిస్, అంటే దుఃఖపడే చెట్టు. రాత్రి పూసి తెల్లారేసరికి పూలన్నీ రాల్చేస్తుందని అలా అన్నారు. పాపకి పారిజాతం చూపించి చెబితే అర్బోర్ ఇక మరిచిపోదు.

బరంపురం_పద్మ (బరంపురం)

నాదో సందేహం. పూరీ జగన్నాథుణ్ణి దారుబ్రహ్మ అంటాం. 2015లో నవకళేబరం, అంటే పాత కొయ్య విగ్రహాల స్థానంలో కొత్తవి చేసి పెట్టే ఉత్సవం, జరిగినప్పుడు ఇంట్లో అందరి నోటా దారు, దారు అనే మాటే. వేపచెట్లని వెతికి లక్షణాలు చూసి ఎంచుకుంటారు, జగన్నాథుడి దారువుకి నాలుగు పెద్ద కొమ్మలు ఉండాలంటారు. ఈ దారుకీ ఆ డెండ్రాన్‌కీ ఏమైనా చుట్టరికం ఉందా? వినడానికి దగ్గరగా ఉన్నాయి. ఊరికే ధ్వని కలిసిందా?

జయపురం_పుస్తకాలు (జయపురం)

పద్మ గారూ, చుట్టరికం ఉంది, అదీ గట్టిదే. సంస్కృతంలో దారు అంటే కొయ్య, ద్రు అన్నా కొయ్యే, చెట్టే. ద్రుమం అంటే చెట్టు. గ్రీకులో డెండ్రాన్ చెట్టు, డోరు కొయ్య లేదా ఈటె, డ్రూస్ ఓక్ చెట్టు. ఇంగ్లీషులో ట్రీ. భాషాశాస్త్రజ్ఞులు వీటన్నింటినీ ఇండో యూరోపియన్ కుటుంబంలో ఒకే పాత మూలానికి చేర్చారు. దేవదారులో ఉన్నది ఇదే దారు.

ఇక్కడ ఒక జాగ్రత్త. గ్రీకులు సంస్కృతం నుంచి తీసుకున్నారనో, సంస్కృతం గ్రీకు నుంచి తెచ్చుకుందనో ఫార్వర్డ్ మెసేజీలు వస్తుంటాయి. రెండూ తప్పే. ఒక తల్లి పిల్లలు రెండు ఊళ్ళలో స్థిరపడ్డట్టు, అంతే.

పాప పాఠానికి పనికొచ్చే ముచ్చట ఇంకొకటి. సంస్కృతంలో ద్రోణం అంటే కొయ్యతో చేసిన తొట్టి, ద్రోణి అంటే దోనె. అవీ ‘ద్రు’ అనే కొయ్య నుంచే. రేడియోలో ‘ఉపరితల ద్రోణి ప్రభావంతో వర్షాలు’ అని వింటాం చూడండి, ఆ ద్రోణి ఇదే, తొట్టిలా పల్లంగా ఉండేది అని. నదులకి సంబంధించి హిందీ పుస్తకాల్లో నదీ పరీవాహక ప్రాంతాన్నీ ద్రోణి అంటారు. వాళ్ళు డెండ్రిటిక్‌ని ‘ద్రుమాకృతిక్’ అని అనువదించుకున్నారు. గ్రీకు మాటకి దాని సొంత బంధువుతోనే అనువాదం కుదిరింది.

నాగావళి_గట్టు (రాయగడ)

ద్రోణికి ఇంత కథ ఉందని ఇప్పుడే తెలిసింది. మరి తెలుగు చెట్టు, మాను? వాటికీ ఈ కుటుంబంతో సంబంధం ఉందా?

జయపురం_పుస్తకాలు (జయపురం)

లేదు. దారు, ద్రుమం, వృక్షం మనం సంస్కృతం నుంచి తెచ్చుకున్నవి. మాను మనదే. పాత రూపం మ్రాను. తమిళంలో మరం, కన్నడంలో మర. వాళ్ళ మాట మొదట్లో ‘మ’ తర్వాత ‘ర’ విడిగా ఉంటే, మన దగ్గర అచ్చు వెనక్కి జరిగి రెండు హల్లులూ కలిసిపోయి ‘మ్రా’ అయింది. తమిళంలో విళుంగు, తెలుగులో మ్రింగు, అదే దారి. తరవాత వాడుకలో రకారం కూడా జారిపోయి మాను, మింగు మిగిలాయి. ఈ వర్ణాల మార్పు గురించి భాషాశాస్త్రజ్ఞుడు భద్రిరాజు కృష్ణమూర్తి గారు చాలా లోతుగా పనిచేశారు.

కొండదారి (బిసం కటక్)

జయపురం గారి పోస్టు చదివి ఆగలేకపోయాను. నేను నియమగిరి కింది ఊళ్ళలో పనిచేస్తాను. ఇక్కడ కోంధు గిరిజనులు మాట్లాడేది కువి. కువిలో చెట్టు అంటే మ్రాను. కంధమాల్ వైపు కుయిలో మ్రహ్ను. మొదటిసారి ఒక ముసలాయన కొండ మీది చెట్టుని చూపించి మ్రాను అన్నప్పుడు ఈయనకి పాత తెలుగు ఎలా వచ్చిందా అనుకున్నాను. తెలుగు నుంచి అరువు తెచ్చుకున్న మాట కాదది, వాళ్ళ సొంత మాట. తెలుగు, గోండి, కువి, కుయి, కొండ భాషలు ద్రావిడ కుటుంబంలో ఒకే శాఖకి చెందినవి. మనం పద్యాలకి వదిలేసిన మ్రాను వాళ్ళ నోట రోజూ వినిపిస్తుంది.

మన పిల్లలకి గ్రీకు డెండ్రాన్ చెప్పేటప్పుడు పక్క ఊరి మ్రాను కూడా చెప్పాలని నేను గట్టిగా అనుకుంటాను. సంతకి వచ్చే కోంధు అవ్వ భాషకీ మన భాషకీ ఇంత దగ్గరతనం ఉందని తెలిస్తే పిల్లలు ఆమెతో మాట్లాడే తీరే మారుతుంది.

బరంపురం_పద్మ (బరంపురం)

కొండదారి గారూ, ఇది నేను మా పిల్లలకి ఈ రాత్రే చెబుతాను.

గెడ్డనీళ్ళు (పార్వతీపురం, పని రాయగడలో)

భాష సంగతి పెద్దలు చెప్పారు. పాప పాఠం నదుల గురించి కాబట్టి నేను నీళ్ళ వైపు నుంచి రాస్తాను. నా ఉద్యోగం జలవనరుల్లోనే.

వాన పడ్డ నీరు వాలు వెంట దిగుతుంది. కింద ఉన్న రాయి అన్ని వైపులా ఇంచుమించు ఒకే గట్టిదనంతో ఉంటే నీటికి ఫలానా దిక్కే పోవాలన్న నిర్బంధం ఉండదు. వాలు ఎటుంటే అటు చిన్న చిన్న గెడ్డలు, అంటే సన్నటి నీటి కాలువలు, పుడతాయి, రెండు గెడ్డలు కలిసి కాస్త పెద్దదవుతుంది, అలాంటివి కలిసి వాగంత అవుతుంది, చివరికి నది. కలిసేచోట కోణం సాధారణంగా లంబకోణం కంటే తక్కువే ఉంటుంది, నీరు పోయే దిక్కుకి వాలి కలుస్తాయి. పైనుంచి చూస్తే కొమ్మలున్న మాను. అదే డెండ్రిటిక్.

రాయి ముడతలు పడి, గట్టి పొర ఒకటి మెత్తటి పొర ఒకటి వరసగా ఉంటే కథ మారుతుంది. నీరు మెత్తటి పొరని పట్టుకుని పోతుంది, పక్క గెడ్డలు దాదాపు లంబకోణంలో వచ్చి కలుస్తాయి. అది ట్రెల్లిస్. ఒకే కొండ నుంచి అన్ని వైపులకీ నీరు దిగితే రేడియల్. గజపతి జిల్లాలో మహేంద్రగిరి, 1501 మీటర్ల ఎత్తు, లాంటి విడి కొండ చుట్టూ గెడ్డలు ఎలా దిగుతాయో పటంలో చూపిస్తే తేడా తేలిగ్గా పడుతుంది.

మన నాగావళి, వంశధార రెండూ కలహండి కొండల్లో పుట్టినవే. నాగావళి రాయగడ మీదుగా పార్వతీపురం వైపు దిగి శ్రీకాకుళం దాటి సముద్రంలో కలుస్తుంది. వంశధార గుణుపురం మీదుగా వెళ్ళి కళింగపట్నం దగ్గర కలుస్తుంది. నాగావళికి జంఝావతి, వట్టిగెడ్డ, సువర్ణముఖి, వేగవతి వచ్చి చేరతాయి. వంశధారకి మహేంద్రతనయ. ఈ కొండల్లో ఎక్కువగా ఉండేది ఖోండలైట్ రాయి. ఆ పేరు కోంధుల పేరు మీదే పెట్టారు. కోణార్క గుడి కట్టిందీ ఎక్కువగా ఆ రాయితోనే. అయితే మన కనుమల రాళ్ళు చాలా ముడతలు, పగుళ్ళు పడ్డవి. అందుకని నది పొడుగునా ఒకే నమూనా ఉంటుందని చెప్పకండి. కొన్ని చోట్ల గెడ్డలు పగుళ్ళ వెంట తిన్నగా పోతాయి.

చెట్టుతో పోల్చేటప్పుడు పిల్లలు తికమకపడే చోటు ఒకటుంది. నదిలో నీరు కొసల నుంచి మొదలుకి వస్తుంది, రెమ్మ నుంచి కొమ్మకి, కొమ్మ నుంచి మానుకి. డెల్టాలో దీనికి తిరగబడి ఉంటుంది. కటక్ దగ్గర మహానది నుంచి కాఠజోడి విడిపోయినట్టు నది పాయలుగా చీలుతుంది. ఉపనదులు కలవడం వేరు, పాయలు విడిపోవడం వేరు. పాఠంలో డెండ్రిటిక్ అన్నది కలిసే వాటి గురించి.

డాక్టరవ్వాలి (బరంపురం)

గెడ్డనీళ్ళు అన్నా, మీరు చెప్పిన దిక్కు విషయం మా సబ్జెక్టులో అచ్చంగా అలాగే ఉంది! నరకణానికి చుట్టూ ఉండే కొమ్మల్ని డెండ్రైట్లు అంటాం. విల్హెల్మ్ హిస్ అనే శాస్త్రజ్ఞుడు 1889లో ఆ పేరు పెట్టాడు. వాటి పని సంకేతాల్ని అందుకుని కణం మధ్యకి తేవడం. అంటే ఉపనదుల్లాగా కొసల నుంచి లోపలికి. బయటికి పంపేది ఆక్సాన్, అది సాధారణంగా ఒక్కటే ఉంటుంది. అంతకుముందు 1873లో గోల్గీ అనే శాస్త్రజ్ఞుడు వెండి లవణంతో రంగు వేసే పద్ధతి కనిపెట్టాడు. ఆ పద్ధతిలో కొన్ని కణాలు మాత్రమే నల్లగా, మొత్తం కొమ్మలతో సహా కనిపిస్తాయి. కహాల్ అనే ఇంకో శాస్త్రజ్ఞుడు అదే పద్ధతితో ఆ కణాల బొమ్మలు గీశాడు. ఇద్దరికీ కలిపి 1906లో నోబెల్ ఇచ్చారు. చిన్నమెదడులో పర్కింజీ కణం బొమ్మ పాపకి చూపించండి. దాని డెండ్రైట్లు ఒకే పలకలో పరుచుకుని ఉంటాయి, పుస్తకంలో నొక్కిపెట్టిన కొమ్మలా.

ఇంకో సంగతి, రోగనిరోధక వ్యవస్థలో డెండ్రిటిక్ కణాలున్నాయి. 1973లో స్టైన్‌మన్, కోన్ పేరు పెట్టారు. వాటికి నరాలతో సంబంధం లేదు, కొమ్మల ఆకారం వల్లే ఆ పేరు. స్టైన్‌మన్‌కి 2011లో నోబెల్ ప్రకటించారు, కానీ ప్రకటనకి మూడు రోజుల ముందే ఆయన చనిపోయారు. చదివినప్పుడు చాలా బాధేసింది.

ఫర్నేస్_షిఫ్ట్ (రాయగడ)

మా పనిలోనూ డెండ్రైట్ రోజూ వినే మాటే. కరిగిన లోహం గడ్డకట్టేటప్పుడు ముందుగా కొద్దిగా పొడుచుకొచ్చిన కొస చుట్టూ వేడి తొందరగా పోతుంది, అందుకని ఆ కొస ఇంకా ముందుకి పెరుగుతుంది. దాని పక్కల మళ్ళీ చిన్న పొడుపులు, వాటికీ అదే గతి. అలా కొమ్మలు వస్తాయి. ఇనుము లాంటి వాటిలో ఆ కొమ్మలు లంబకోణంలో ఉంటాయి, మంచు రేణువులో ఆరు వైపులకి. స్ఫటికం లోపలి అమరిక ఎలా ఉంటే కొమ్మ అలా. ఫోన్ బ్యాటరీల్లో లిథియం ఇలాగే కొమ్మలుగా పెరిగి లోపల షార్ట్ అయ్యే ప్రమాదం ఉంటుంది. దాన్ని ఆపడానికి ఇంజినీర్లు ఎంతో కష్టపడుతున్నారు.

పర్లాకిమిడి_చెల్లి (పర్లాకిమిడి)

మా నాన్నగారికి ఒక రాతి పలక దొరికింది. పగలగొడితే లోపల నల్లటి ఫెర్న్ ఆకులు అచ్చుపడినట్టు ఉన్నాయి. శిలాజం అనుకుని దాచిపెట్టారు. ఇంతసేపూ మీ పోస్టులు చదివాక అనుమానం వస్తోంది.

గెడ్డనీళ్ళు (పార్వతీపురం, పని రాయగడలో)

రాయిని చూడకుండా తీర్పు చెప్పను కానీ, నల్లగా, పలచగా, పగులు మొహం మీద పాకినట్టుంటే అది చాలామటుకు మాంగనీస్ డెండ్రైట్. మాంగనీస్, ఇనుము కలిసిన నీరు సన్నటి పగులులోకి ఊరి, ఆక్సైడుగా పేరుకుంటూ కొమ్మలు కడుతుంది. ఆకుకి నడి ఈనె ఉంటుంది, ఈనెలకి ఒక వరస ఉంటుంది. దీనికి అదేమీ ఉండదు, కొమ్మ మందం కూడా ఇష్టం వచ్చినట్టు మారుతుంది. చీపురుపల్లి, గరివిడి వైపు మాంగనీస్ గనులున్న నేల మనది, ఇలాంటివి దొరకడం వింత కాదు. శిలాజం కాకపోయినా దాచుకోదగ్గదే, పారేయకండి.

మాస్టారికి ఒక చిన్న చేర్పు: ఖనిజాల్ని వర్ణించేటప్పుడు డెండ్రిటిక్, అర్బోరెసెంట్ రెండింటినీ దాదాపు ఒకే అర్థంలో వాడతారు. రాగి, వెండి సహజంగా కొమ్మల్లా దొరికితే ఏదో ఒకటి రాస్తారు. తాటిచెట్టు తేడా వృక్షశాస్త్రంలో చెల్లుతుంది.

గుణుపురం_మాస్టారు (గుణుపురం)

ఆ చేర్పు అవసరమే. ఇక తెలుగులో ఏమనాలి అన్నది మిగిలింది. పాఠ్యపుస్తకాల్లో ‘వృక్షాకార’ అని ఉంటుంది. నాకు అది చాలదు అనిపిస్తుంది. తాటి కూడా వృక్షమే కదా.

జయపురం_పుస్తకాలు (జయపురం)

స్థిరపడ్డ మాటని కదపడం నాకిష్టం లేదు మాస్టారూ. పోటీ పరీక్షల వాళ్ళు అదే వెతుకుతారు. మాట కొంచెం వదులుగా ఉన్నా అందరూ ఒకటే వాడితే మేలు. గ్రీకు మాటా అంతే వదులు, అందులోనూ చెట్టే ఉంది, కొమ్మ లేదు.

పర్లాకిమిడి_చెల్లి (పర్లాకిమిడి)

మా ఊళ్ళో పంతులుగా పనిచేసిన గిడుగు రామమూర్తి గారు జనం నోట ఉన్న మాటకే విలువ ఇవ్వాలన్నారు. సవర భాష నేర్చుకుని దానికి నిఘంటువు కట్టింది కూడా ఆ పట్టుదలతోనే. మన నోట ‘శాఖోపశాఖలుగా’ అన్న మాట ఉండనే ఉంది. వంశం శాఖోపశాఖలైంది, వ్యాపారం శాఖోపశాఖలుగా పెరిగింది అంటాం. చీలిక మీద చీలిక అన్న అర్థం అందులో పూర్తిగా ఉంది.

గుణుపురం_మాస్టారు (గుణుపురం)

చెల్లెమ్మా, నాకు కావలసింది సరిగ్గా అదే. శాస్త్రనామంగా వృక్షాకార ఉండనిద్దాం, జయపురం గారి మాటలో న్యాయం ఉంది. వివరించేటప్పుడు మాత్రం ‘శాఖోపశాఖలుగా కలిసే గెడ్డల అమరిక’ అని చెప్పాలి. పిల్లల దగ్గర ‘కొమ్మలు, రెమ్మలుగా’ అంటే ఇంకా తేలిక.

నాగావళి_గట్టు (రాయగడ)

అందరికీ ధన్యవాదాలు. పాప పక్కనే కూర్చుని మొత్తం చదివింది. మ్రాను దగ్గర రెండుసార్లు చదివించుకుంది. ఇప్పుడు నాగావళి పటం గీస్తానంటోంది. గెడ్డనీళ్ళు గారూ, ఎలా గీయమంటారు? కొమ్మలన్నీ ఒకేలా గీసేస్తుందేమో.

గెడ్డనీళ్ళు (పార్వతీపురం, పని రాయగడలో)

సర్వే ఆఫ్ ఇండియా టోపోషీట్ (కొండలు, నదులు వివరంగా ఉండే పటం) దొరికితే దాన్ని, లేదంటే ఫోన్‌లో మ్యాప్ తెరిచి నీలి గీతల్ని ట్రేసింగ్ కాగితం మీదకి దింపమనండి. నది మొత్తం వద్దు, ఒక్క జంఝావతి చాలు. తర్వాత అంకెలు వేయాలి. ఈ పద్ధతిని హార్టన్ 1945లో మొదలుపెడితే స్ట్రాలర్ 1952లో సులువు చేశాడు. ఏ గెడ్డా వచ్చి కలవని కొస గీతలన్నింటికీ 1 వేయాలి. రెండు ఒకట్లు కలిసిన చోటు నుంచి కిందికి 2. రెండు రెండ్లు కలిస్తే 3. రెండుకి ఒకటి వచ్చి కలిస్తే అంకె పెరగదు, 2 గానే పోతుంది. అంకె పెరిగేకొద్దీ గీత మందంగా గీయమనండి.